కమాను కింద ఇంజనీరు

గరికివలస మునిసిపాలిటీ అసిస్టెంటు ఇంజనీరు బెవర భానోజీరావు తన సర్వీసు మొత్తంలో కట్టించిన వంతెన ఒక్కటే. కాకపోతే దాన్ని చాలాసార్లు కట్టించాడు. ఊరికీ మేదరపేటకీ నడుమ కొర్రగెడ్డ పారుతుంది. వేసవిలో దాని మీద వంతెన లేచేది, వానాకాలంలో పోయేది. గెడ్డకు వరద రావడం ప్రకృతి ధర్మం, వరదకు కొట్టుకుపోవడం వంతెన ధర్మం, పోయినదానికి మళ్ళీ ఎస్టిమేటు వెయ్యడం తన ధర్మం అనుకుని, ఎవరి ధర్మానికీ అడ్డు రాకుండా ఆయన బతుకుతున్నాడు. అలాగని చెడ్డవాడు కాదు. ఇంట్లో కుర్చీ కింద పిల్లి పిల్లల్ని పెడితే, అవి కళ్ళు తెరిచేదాకా ఆ కుర్చీని ఎవరినీ కదపనివ్వలేదు. వంతెన సంగతి వేరు. ఆయన ఇల్లు గెడ్డకు ఇవతల ఉంది.

ఇలా అందరూ సుఖంగా ఉన్న రోజుల్లో కమిషనరు హయగ్రీవంగారు ఇటలీ వెళ్ళొచ్చారు. పురపాలనలో ఉత్తమ పద్ధతులను అధ్యయనం చేసి రమ్మని పైవాళ్ళు కొందరు అధికారులను జట్టుగా పంపారు. జట్టులో మిగతావాళ్ళంతా తోలు సంచులనూ బూట్లనూ అధ్యయనం చేస్తుంటే, హయగ్రీవంగారు ఒక్కరే గైడు చెప్పింది విన్నారు. అక్కడొచ్చింది చిక్కు.

తిరిగొచ్చిన మర్నాడే స్టాఫ్ మీటింగు పెట్టి ఆయన రోము పుట్టుక దగ్గర్నుంచి ఎత్తుకున్నారు. ఏటి ఒడ్డున గుడిసెలు వేసుకుని గొర్రెలు కాసుకునే మనుషులు అంత సామ్రాజ్యాన్ని ఎలా ఏలగలిగారో తెలుసా అని అడిగారు. ఎవరికీ తెలియదు. కత్తితో కాదు, కత్తులు అవతలివాడి దగ్గరా ఉన్నాయి. రోడ్డుతో, కాలవతో, కమానుతో ఏలారు అని ఆయనే చెప్పారు. కొండల్లో ఊటనీళ్ళను కమానుల మీదుగా నడిపించి ఊరి నడిబొడ్డున స్నానాలు చేశారనీ, రెండువేల ఏళ్ళు గడిచినా ఆ కమానుల్లో కొన్ని ఇంకా చెక్కుచెదరలేదనీ చెప్పుకొచ్చారు. రోము ఏడు కొండల మీద వెలిసిందనగానే హెడ్ గుమాస్తా అలవాటుకొద్దీ చేతులు జోడించాడు. మన ఊళ్ళో కొండలు లేకపోయినా చెత్తదిబ్బలు సరిగ్గా ఏడున్నాయని శానిటరీ ఇన్‌స్పెక్టరు సందు చూసుకుని మనవి చేశాడు. కమిషనరుగారు సంతోషించారు.

తరవాత ఆయన చూపు భానోజీరావు మీద పడింది. మన వంతెన ఎన్నాళ్ళు నిలబడిందయ్యా అని అడిగారు.

"కిందటిది బాగానే నిలబడింది సార్. ఆ ఏడు వాన ఆలస్యమయ్యింది" అన్నాడు భానోజీరావు.

ఆ వారమంతా ఆఫీసుకు రోము పూనింది. కౌన్సిల్ హాలు తలుపు మీద "సెనేట్" అని బోర్డు వెలిసింది. కౌన్సిలర్లకు తెల్లటి ఉత్తరీయాలు పంచిపెట్టారు. రోమువాళ్ళు కాంక్రీటులో అగ్నిపర్వతపు బూడిద కలిపేవారని కమిషనరుగారు అన్నందుకు తహసీల్దారు ఆఫీసుకు లేఖ వెళ్ళింది: "మండల పరిధిలో అగ్నిపర్వతము ఏదైనను కలదా, కలదేని సర్వే నంబరుతో సహా తెలుపగోరుచున్నాము." తహసీల్దారు ఆఫీసు నిదానంగా ఆలోచించి జవాబిచ్చింది: "ప్రస్తుతము ఈ మండలమున అగ్నిపర్వతము లేదు. ప్రజాప్రయోజనార్థము అవసరమగు యెడల, ఆక్రమణలు లేని బంజరు చూపగలము."

ఇంతవరకూ ఎవరికీ నష్టం లేదు. ఎవరి వెర్రి వారికి ఆనందం అని పెద్దలు ఊరికే అనలేదు. అసలు ముప్పు గైడు చెప్పిన ఆఖరి ముచ్చటలో ఉంది. రోములో కమాను కట్టిన ఇంజనీరు, కింద ఊతమిచ్చిన సెంట్రింగు విప్పేటప్పుడు తన కమాను కింద తానే నిలబడాలట. ఇది నిజంగా జరిగిందో, యాత్రికుల సరదా కోసం అల్లిన కబురో చెప్పడానికి గరికివలసలో ఎవరూ లేరు. హయగ్రీవంగారు నమ్మారు. ఆయన నమ్మితే అది సర్క్యులరు అవుతుంది.

"ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునదేమనగా, పురపాలక పరిధిలో నిర్మాణమగు ప్రతి కట్టడమునకు సంబంధించిన ఇంజనీరు, సదరు కట్టడము యొక్క ఊతములు తొలగించు సమయమున, సదరు కట్టడము క్రింద విధిగా నిలబడవలెను. నిలబడుటలో అలసత్వము వహించినవారిపై శాఖాపరమైన చర్యలు తీసుకొనబడును. కట్టడము కూలిన యెడల, సదరు ఇంజనీరుపై ప్రత్యేకముగా చర్యలు అవసరముండవు."

దీన్ని అందరికంటే ముందు, అందరికంటే శ్రద్ధగా చదివినవాడు ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు త్రిపురాంతకంగారు. సాయంత్రానికల్లా ఆయన వివరణ కోరారు. మర్నాటికి వివరణ వచ్చింది: ఇంజనీరు అనగా క్షేత్రస్థాయి ఇంజనీరు; ఆపై స్థాయివారు పర్యవేక్షక అధికారులు; పర్యవేక్షణ అనేది తగు దూరము నుండి చేయవలసిన పని. భానోజీరావుకు పైన ఉన్నవాళ్ళు ఒక్కరు కూడా ఇంజనీర్లు కాదని ఆ విధంగా తేలింది. తన కిందివాడికి తోసేద్దామని భానోజీరావు చూశాడు. కింద వర్క్ ఇన్‌స్పెక్టరు కుర్చీ ఉంది గాని, మనిషి రిటైరయ్యి చాలాకాలమైంది. ఆ ఖాళీ నింపమని ఎప్పుడూ అడగనందుకు మొదటిసారి నెత్తి కొట్టుకున్నాడు.

వెంటనే కొర్రగెడ్డ మీద కమాను వంతెన మంజూరైంది.

ఆ సంగతి ఇంట్లో చెప్పగానే భార్య హైమావతి చేతిలో గరిటె కింద పెట్టేసింది. ధైర్యం చెబుతుందేమో అనుకున్నాడు. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"మీ వంతెనల సంగతి నాకు తెలీదేటండీ? ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కటైనా వానాకాలం దాటిందా?" అంది.

ఆయన సెలవు పెట్టాడు. నిలబడుట పూర్తయిన పిమ్మట ఎంత సెలవైనా వినియోగించుకోవచ్చని త్రిపురాంతకంగారు దాని మీద రాసి పంపారు. నడుం నొప్పి అన్నాడు. నిలబడలేని యెడల కూర్చొనవచ్చునని సడలింపు ఇచ్చారు. బదిలీకి ప్రయత్నించాడు. గరికివలస సర్క్యులరు గురించి చుట్టుపక్కల మునిసిపాలిటీలన్నిటికీ తెలిసిపోయి, అక్కడి ఇంజనీర్లు ఎవరి కుర్చీని వాళ్ళు గట్టిగా పట్టుకుని కూర్చున్నారు.

ఇక తప్పదని తెలిశాక భానోజీరావు అటక మీద నుంచి కాలేజీ పుస్తకాలు దింపాడు. కమాను అంటే ఏమిటో మళ్ళీ చదివాడు. రెండు పక్కల రాళ్ళూ ఒకదాని మీద ఒకటి ఒరిగి, ఒకదాన్ని ఒకటి పడనివ్వకుండా ఆపుతాయనీ, నడినెత్తిన బిగించే రాయి ఆ రెండు పక్కలనూ కలుపుతుందనీ, అన్నిటికంటే ముందు పునాదులు పక్కకు జరగకూడదనీ పుస్తకం చెప్పింది. చదువుకునే రోజుల్లో ఇవి పరీక్ష కోసం గుర్తుపెట్టుకున్న మాటలు. ఇప్పుడు ప్రతి వాక్యం దగ్గరా ఆగి, తలెత్తి పైకి చూసుకునేవాడు.

ప్రతి ఏడూ వంతెన పని చేసే కాంట్రాక్టరు గుమ్మడి చెల్లంనాయుడు ఎప్పటిలాగే పనికి దిగాడు. అతని ఇసుక రూపంలో ఇసుకే గాని గుణంలో మన్ను. భానోజీరావు ఒక దోసెడు గ్లాసు నీళ్ళలో వేసి కలిపి, తేరుకున్నాక అడుగున ఎంత మన్నుందో చూసి, లారీలన్నీ వెనక్కి తిప్పించాడు. సిమెంటు బస్తాలో చెయ్యి పెట్టి గడ్డలు వెతికాడు. రాళ్ళను ఒక్కొక్కటీ సుత్తితో కొట్టి చప్పుడు విన్నాడు. పునాది గుంతలో మోకాలిలోతు బురదలో దిగి, గట్టి నేల తగిలేదాకా తవ్వమన్నాడు. చెల్లంనాయుడికి ముందు కోపం వచ్చింది, తరవాత భయం వేసింది. ఒంట్లో బాగుందా అని అడిగి, సాయంత్రం వచ్చి మామూలుగా ఇచ్చే కవరు బల్ల మీద పెట్టాడు.

"ఇది తీసుకుని నేనెక్కడ నిలబడాలి నాయుడూ? తీసెయ్ బాబూ, నీకు పుణ్యముంటుంది" అన్నాడు భానోజీరావు. అన్నాడని చెప్పడం కంటే బతిమాలాడని చెప్పడమే నిజం.

మునిసిపల్ ఇంజనీరు ఎండలో గొడుగు పట్టుకుని పొద్దస్తమానం పని దగ్గర నిలబడటం గరికివలసలో కనీవినీ ఎరగని వింత. మేదరపేట జనం బుట్టలల్లుకుంటూ గట్టు మీద కూర్చుని చూసేవాళ్ళు. వాళ్ళలో కొర్లమ్మ అనే ముసలామె నోరున్నది. గట్టు మీద నుంచి అన్నిటికీ ఆరాలు తీసేది. వంతెన అయ్యాక బాబుగారు దాని కింద నిలబడతారని మేస్త్రీలు చెబితే, ఆమె మొదట నవ్వింది. నిజమేనని తెలిశాక మర్నాటినుంచి ఆయనకు చెంబుతో మజ్జిగ తెచ్చిచ్చేది. ఉరిశిక్ష పడ్డవాడికి పెట్టినట్టు పెడుతోందేమోనని ఆయనకు తాగినప్పుడల్లా అనుమానం వేసేది.

అక్కడ వంతెన లేస్తుండగా ఇక్కడ ఆఫీసులో సర్క్యులరు విరగకాసింది. కమానుకు పనికొచ్చిన సూత్రం మిగతా శాఖలకు ఎందుకు పనికిరాదని కమిషనరుగారికి తోచింది. రోజూ పొద్దున్నే వీధి కుళాయిలో మొదటి గ్లాసు నీళ్ళు వాటర్ వర్క్స్ అధికారి జనం ఎదట తాగాలన్నారు. పారిశుధ్యం సంతృప్తికరం అని సంతకం పెట్టిన వీధిలో శానిటరీ ఇన్‌స్పెక్టరు ఉత్తకాళ్ళతో నడవాలన్నారు. దోమలు లేవని నివేదించిన డాక్టరు ఆ వార్డులో దోమతెర లేకుండా పడుకోవాలన్నారు. మొదటివారం ఆఫీసంతా ఆసుపత్రిలోనే ఉంది. రెండోవారం నుంచి పరిస్థితి ఇంకా విషమించింది. కుళాయిల్లో నీళ్ళు తేటగా రాసాగాయి. వీధుల్లో గాజుపెంకు కనబడలేదు. చెత్తదిబ్బలు ఒకటొకటే మాయమై, ఊరికీ రోముకూ ఉన్న ఆ ఒక్క పోలికా పోయింది. జనానికి ఇదంతా దేనికి సూచనో అంతుపట్టక, ఏదో ఉపద్రవం రాబోతోందని గుసగుసలాడుకున్నారు.

ఆ ఉపద్రవం మరుగుదొడ్ల రూపంలో వచ్చింది. బస్టాండులో కొత్త మరుగుదొడ్లకు రిబ్బను కత్తిరించడానికి చైర్మనుగారు ముహూర్తం పెట్టుకున్నారు. ప్రారంభించినవారే మొట్టమొదట వాడవలెను అని కమిషనరుగారు సూత్రాన్ని అక్కడిదాకా లాగారు. చైర్మనుగారు లోపలికి తొంగిచూసి, ముక్కు మూసుకుని, కత్తెర పళ్ళెంలో పెట్టేసి, తిన్నగా రాజధాని బండెక్కారు.

వంతెన పూర్తయ్యింది. సెంట్రింగు విప్పే రోజు రానే వచ్చింది. హైమావతి ఆ పొద్దున బొట్టు పెట్టి పంపింది. భానోజీరావు గెడ్డ దగ్గరికి వచ్చేసరికి రెండు గట్ల మీదా జనం. ప్రతి రాయీ తాను చూసి పెట్టించిందే అని తెలుసు. తెలియడం వేరు, కింద నిలబడటం వేరు.

అప్పుడు త్రిపురాంతకంగారి జీపు దుమ్ము రేపుకుంటూ వచ్చింది. ఆయన చేతిలో కాగితం ఉంది. హయగ్రీవంగారికి పురావస్తు శాఖకు బదిలీ అయ్యింది. పరిపాలనా కారణాల దృష్ట్యా సదరు సర్క్యులరు తక్షణమే రద్దయ్యింది. ఇకపై ఏ అధికారీ ఏ కట్టడము క్రిందనూ నిలబడరాదు, ఏ నీరూ త్రాగరాదు.

"బతికిపోయావయ్యా భానోజీ. ఇంక ఇంటికెళ్ళి భోంచెయ్యి" అన్నారు.

భానోజీరావుకు ఆ క్షణాన కలిగిన సంతోషం పెళ్ళిరోజున కూడా కలగలేదు. పక్కనున్న రాయి మీద కూలబడి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఈ కబురు గట్టు మీదికి పాకింది. కొర్లమ్మ మెల్లిగా దిగి వచ్చి ఆయన ఎదట నిలబడింది.

"ఏటి బాబూ, కింద ఎవులూ నిలబడరేటి?"

ఎవరూ నిలబడరు, ఉత్తర్వు వచ్చిందని త్రిపురాంతకంగారు ఆమెకు బదులు చెప్పారు. ఆమె ఆయన వైపు చూడనే లేదు.

"అలగైతే దీని మీద మాం నడవం బాబూ. తవరు కింద నిలబడతారనే గదా ఇన్నాళ్ళూ దైర్నంగా ఉన్నాం. మా పిల్లలు బడికి దీని మీంచే ఎల్లాలి" అంది.

కోపంగా అనలేదు. ఉన్నమాట అంది. భానోజీరావుకు సిగ్గేసింది. ఇన్నేళ్ళూ తాను కట్టించిన ప్రతి వంతెన మీదా, అది కొట్టుకుపోయే ముందురోజు దాకా వీళ్ళే నడిచారు. బుట్టలు నెత్తిన పెట్టుకుని, పిల్లల్ని చంకన వేసుకుని నడిచారు. అది తనకు తెలియని సంగతి కాదు. ఏనాడూ ఆలోచించలేదు, అంతే. తన తల మీద పడుతుందంటే మన్నులేని ఇసుక దొరికింది, గట్టి నేల దాకా తవ్వడం వచ్చింది. వాళ్ళ కాళ్ళ కిందిది అన్నప్పుడు ఇవేవీ దొరకలేదు.

ఆయన లేచి, జేబులోని ఫోనూ కళ్ళజోడూ తీసి చెల్లంనాయుడి చేతికిచ్చి గెడ్డలోకి దిగాడు. ఉత్తర్వుల ఉల్లంఘన అని త్రిపురాంతకంగారు గట్టు మీంచి కేకేశారు. రాసుకోండి సార్ అన్నాడు భానోజీరావు. చీలమండల లోతు నీళ్ళలో నడిచి కమాను నట్టనడుమ కిందికి వెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, విప్పండర్రా అని మేస్త్రీలకు చెప్పాడు.

మేస్త్రీలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తరవాత ఒక పక్క నుంచి కర్రల కింది ఆపు చెక్కలను సుత్తితో కొట్టడం మొదలుపెట్టారు. సరుగుడు కర్రలు ఒకటొకటే వదులయ్యాయి. ఆఖరి కర్ర లాగుతుండగా పైన ఎక్కడో చిన్న చప్పుడైంది. గుప్పెడు సిమెంటు పొడి రాలి ఆయన నెత్తిన పడింది. ఆయన కళ్ళు మూసుకుని, గుర్తొచ్చిన దేవుళ్ళందరినీ తలుచుకుని, ఎవరూ మిగలక మళ్ళీ మొదటి దేవుడి దగ్గరికి వచ్చాడు. కళ్ళు తెరిచి చూస్తే నెత్తిన కమాను ఉంది. దాని మీద ఆకాశం ఎక్కడిదక్కడే ఉంది. పైన అడుగుల చప్పుడు వినిపిస్తోంది. బుట్టల కట్ట నెత్తిన పెట్టుకుని కొర్లమ్మ వంతెన దాటుతోంది. భానోజీరావు నీళ్ళలోనే కూర్చుండిపోయి ఏడ్చాడు.

వానలు పడ్డాయి, వరద వచ్చింది, పోయింది. వంతెన మాత్రం పోలేదు. దానితో ఆఫీసులో దిగులు పట్టుకుంది. ఏటేటా వేసే ఎస్టిమేటు పద్దు మురిగిపోయింది. తన పిల్లల నోటి దగ్గర కూడు లాగేశారని చెల్లంనాయుడు పదిమందితో చెప్పుకున్నాడు. కట్టడము అవసరమునకు మించిన బలము కలిగియున్నదని ఆడిట్ వాళ్ళు అభ్యంతరం రాశారు. చివరికి మెమో రానే వచ్చింది: "మీరు ఉత్తర్వులకు విరుద్ధముగా సదరు కట్టడము క్రింద స్వచ్ఛందముగా నిలబడి, తద్వారా తదితర కట్టడముల క్రింద సంబంధిత ఇంజనీర్లు ఏల నిలబడలేదన్న అనుచిత సందేహమును ప్రజలలో రేకెత్తించినందున, మీపై ఏల చర్య తీసుకొనరాదో తెలుపవలెను." సంజాయిషీ ఏం రాయాలో తోచక భానోజీరావు నెలల తరబడి గడువు పొడిగించమని కోరుతున్నాడు. గడువు పొడిగించడం ఆ ఆఫీసుకు చేతనైన పని కాబట్టి పొడిగిస్తున్నారు.

మెమోలో రాసింది అబద్ధం కాదని కొత్త పురమందిరం ప్రారంభోత్సవం నాడు తేలింది. అది త్రిపురాంతకంగారు స్వయంగా పర్యవేక్షించి కట్టించిన భవనం. మంత్రిగారు వచ్చారు, రిబ్బను కత్తిరించారు. జనం మాత్రం మెట్ల దగ్గరే ఆగిపోయారు. లోపల ఫ్యాన్లున్నాయి, కుర్చీలున్నాయి, రండి రండి అని మైకులో పిలిచినా ఒక్కరూ కదల్లేదు. సంగతేమిటని మంత్రిగారు అడిగారు.

"కట్టినాయన్ని ముందు లోనికెల్లి కూకోమనండి బాబూ. ఎనకాల మాం వత్తాం" అన్నాడొక ముసలాయన మర్యాదగానే.

అందరూ త్రిపురాంతకంగారి వైపు తిరిగారు. ఆయన తలెత్తి తన స్లాబు వైపు ఒకసారి చూశారు. ఆ చూపు చూశాక ఇంకెవరికీ సందేహం మిగల్లేదు. తనకు పొద్దుటినుంచీ కడుపులో బాగాలేదని ఆయన నసిగారు. గడప మీద పెట్టిన కాలిని మంత్రిగారు నెమ్మదిగా వెనక్కి తీసుకున్నారు.

ఎండ మండిపోతోంది. జనం, అధికారులు, బందోబస్తు పోలీసులు అందరూ ఎటు పోవాలో తెలియక చుట్టూ చూశారు. ఆవరణలో ఓ మూల కార్ల డ్రైవర్ల కోసం వేసిన పాత షామియానా ఒకటి ఉంది. దాన్ని కట్టిన పైడయ్య నడిమి రాటకు వీపు ఆనించి, కాళ్ళు బారజాపుకుని, నోరు తెరిచి హాయిగా నిద్రపోతున్నాడు. మంత్రిగారు ఆ మనిషిని కాసేపు పరిశీలనగా చూసి, పంచె ఎగగట్టి అటు నడిచారు. ఊరంతా ఆయన వెనకాల నడిచింది.